నల్ల మెట్ల మీద అయిదు రాగాలు
(కీబోర్డు నేర్చుకోదలచిన తమ్ముళ్ళకు తొలి పాఠం)

"సంగీతం పుట్టుకతో రావాలి. ఇంట్లో పియానో ఉండాలి. గురువుకు ఫీజు కట్టే స్తోమత ఉండాలి. మనకెందుకురా అవన్నీ?" ఈ మాట మన హాస్టల్ గదుల్లో తరతరాలుగా వినిపిస్తూనే ఉంది. ఆగస్టు పదిహేనుకో, వార్షికోత్సవానికో కీబోర్డు అద్దెకు వస్తే దాన్ని దూరం నుంచి చూసి, ఎవరూ లేనప్పుడు ఒక మెట్టు నొక్కి, చప్పుడు కాగానే పరుగెత్తేవాళ్ళే మనలో ఎక్కువ.

నిజానికి సంగీతం మన ఇళ్ళకు కొత్త కాదు. డప్పు మనది. చిరుతల భజన మనది. చర్చిలో ఆదివారం పాట, తండాలో తీజ్ పాట, బతుకమ్మ చుట్టూ ఉయ్యాల పాట మనవే. మన తల్లులు నాట్లు వేస్తూ పాడే పాటకు ఏ పుస్తకమూ లేదు. చెవి ఉంది, గొంతు ఉంది, లయ ఉంది. మనకు లేనిదల్లా ఆ తెలిసినదాన్ని మెట్ల మీద ఎక్కడ వెతకాలో చూపించే మనిషి. ఆ పని ఈ వ్యాసం కొంతవరకైనా చేయాలని మా ఆశ. పెద్ద పెద్ద కీర్తనల జోలికి పోకుండా, నాలుగైదు చిన్న వరుసలతో వినదగిన, భావం ఉన్న సంగీతం ఎలా పుట్టించవచ్చో వరుసగా చూద్దాం.

ఈ వాద్యం మన ఊళ్ళకు ఎలా వచ్చింది?

పియానోను ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో బార్తొలోమియో క్రిస్టోఫొరి అనే పనివాడు సుమారు 1700 ప్రాంతంలో తయారు చేశాడు. అంతకు ముందున్న హార్ప్సికార్డ్ అనే వాద్యంలో మెట్టును ఎంత గట్టిగా నొక్కినా, ఎంత మెల్లగా నొక్కినా ధ్వని దాదాపు ఒకేలా వచ్చేది. క్రిస్టోఫొరి తీగను చిన్న సుత్తితో కొట్టించాడు. దాంతో వేలి బరువును బట్టి ధ్వని పెరగడం, తగ్గడం సాధ్యమైంది. 'పియానో' అంటే ఇటాలియన్ భాషలో 'మెల్లగా' అని అర్థం. మెల్లగానూ గట్టిగానూ పలకగలదు కనుకనే ఆ పేరు. అంటే ఈ వాద్యం పుట్టిందే భావం పలికించడానికి.

హార్మోనియంకు 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబెన్ పేటెంటు తీసుకున్నాడు. అది కాళ్ళతో తొక్కే పెద్ద పెట్టె. 19వ శతాబ్దం చివరి భాగంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేల మీద కూర్చుని, ఒక చేత్తో తిత్తి ఆడిస్తూ మరో చేత్తో వాయించేలా మార్చాడు. అక్కడి నుంచి అది దేశమంతా పాకింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజం వారి రంగస్థలం మీద, పద్య నాటకాల్లో, తెలంగాణలో యక్షగానం, చిరుతల రామాయణం ఆడే చోట హార్మోనియం పక్కన లేకుండా ఆట సాగని కాలం వచ్చింది. జనగామ ప్రాంతపు చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆ కళకు ఆసరాగా నిలిచిన వాద్యాల్లో ఈ పెట్టె కూడా ఒకటి.

దీనికి నింద కూడా తప్పలేదు. మన రాగాల్లోని గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, ఈ మెట్ల మీద రాదని పండితులు అన్నారు. 1940లో ఆకాశవాణి హార్మోనియంను నిషేధించింది. 1971లో గానీ ఆ ఆంక్ష సడలలేదు. పండితుల మాటలో నిజం ఉంది. దాన్ని ఎలా సర్దుకోవాలో ముందుకు పోతూ చెప్పుకుందాం.

ఈ పెట్టె ముందు కూర్చుని పైకి వచ్చినవాళ్ళు మన కళ్ళ ముందే ఉన్నారు. పెండ్యాల నాగేశ్వరరావు గారు నాటకాల్లో హార్మోనియం వాయిస్తూ ఎదిగినవారే. 1961 నాటి 'జగదేకవీరుని కథ' సంగీతం ఆయనదే. ఇళయరాజా గారు 1943లో తమిళనాడులోని పన్నైపురం అనే పల్లెలో పుట్టారు. అన్న పావలర్ వరదరాజన్ బృందంతో ఊరూరా తిరుగుతూ హార్మోనియం వాయించారు. తర్వాత మద్రాసులో ధనరాజ్ మాస్టారు దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చారు. 'సాగర సంగమం', 'రుద్రవీణ' అనే మన తెలుగు సినిమాలకు జాతీయ పురస్కారం అందుకున్నారు. 2025 మార్చిలో లండన్‌లో ఆయన సొంత సింఫనీ వినిపించారు. పల్లెటూరి హార్మోనియం నుంచి లండన్ దాకా దారి ఉందని చూపడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

మొదటి పాఠం: మెట్లకు పేర్లు

కీబోర్డు, హార్మోనియం, పియానో మూడింటికీ మెట్ల వరుస ఒక్కటే. పెద్ద పియానోకు 88 మెట్లు, వాటిలో తెల్లవి 52, నల్లవి 36. మనకు దొరికే చిన్న కీబోర్డులకు ఎక్కువగా 49 గానీ 61 గానీ ఉంటాయి. ఎన్ని ఉన్నా కంగారు పడనక్కరలేదు. పన్నెండు మెట్లే మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఏడు తెల్లవి, అయిదు నల్లవి. ఈ పన్నెండింటి గుంపును ఒక స్థాయి అంటాం.

నల్ల మెట్లను పరిశీలించండి. రెండు కలిసి ఒక గుంపు, కొంత ఎడం, తర్వాత మూడు కలిసి ఒక గుంపు. ఇదే మన గుర్తు. రెండు మెట్ల గుంపుకు ఎడమ పక్కన ఆనుకుని ఉన్న తెల్ల మెట్టు 'ఒకటో శ్రుతి'. అక్కడి నుంచి కుడివైపు తెల్ల మెట్లు 1, 2, 3, 4, 5, 6, 7. నల్ల మెట్లు 1½, 2½, 4½, 5½, 6½. మూడుకూ నాలుగుకూ మధ్య, ఏడుకూ తర్వాతి ఒకటికీ మధ్య నల్ల మెట్టు లేదు. నాటకాలవాళ్ళు, భజనవాళ్ళు "నాలుగున్నర శ్రుతిలో ఎత్తుకో", "ఆరు శ్రుతి నాకు అందదు" అనడం వినే ఉంటారు. అది ఈ లెక్కే.

ఒక జాగ్రత్త. కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ అనే మీట ఉంటుంది. అంతకు ముందు వాయించినవారు దాన్ని మార్చి వదిలేస్తే మెట్టు ఒకటి, ధ్వని మరొకటి అవుతుంది. మొదలుపెట్టే ముందు దాన్ని సున్నాకు తెచ్చుకోవాలి.

రెండో పాఠం: అట్ట మీద కీబోర్డు

వాద్యం ఒకటి, నేర్చుకునేవాళ్ళు ఇరవై మంది. హాస్టల్ అంటే అంతే కదా! దీనికి ఉపాయం ఉంది. ఒక చార్టు అట్ట తీసుకుని అసలు కొలతలతో మెట్లు గీయండి. పియానో తెల్ల మెట్టు వెడల్పు సుమారు 2.35 సెంటీమీటర్లు. ఏడు తెల్ల మెట్లు కలిపితే పదహారున్నర సెంటీమీటర్లు, అంటే ఒక అడుగు స్కేలులో సగం కంటె కొంచెం ఎక్కువ. నల్ల మెట్టు వెడల్పు సుమారు ఒక సెంటీమీటరు. రెండు స్థాయిలు గీస్తే చాలు. చిన్న కీబోర్డుల్లో మెట్లు ఇంకా ఇరుకుగా ఉండవచ్చు. మీకు దొరికే వాద్యాన్ని కొలిచి గీస్తే మరీ మంచిది.

ఈ అట్ట మీద వేళ్ళు ఆడిస్తూ నోటితో స్వరం పాడాలి. చప్పుడు రాని మెట్టు నొక్కి, ఆ స్వరాన్ని గొంతుతో పలికించేవాడికి చెవి త్వరగా తయారవుతుంది. వాద్యం దగ్గర పది నిమిషాలు దొరికినప్పుడు ఆ పది నిమిషాలూ వృథా పోవు.

వేళ్ళకు అంకెలు పెట్టుకుందాం. రెండు చేతులకూ బొటనవేలు 1, చిటికెన వేలు 5. వేళ్ళు కొద్దిగా వంచి, అరచేతిలో నిమ్మకాయ పట్టినట్టు ఉంచాలి. మణికట్టు బిగించకూడదు. మోచేయి మెట్ల ఎత్తులో ఉండాలి. నేల మీద ట్రంకు పెట్టె పెట్టి దానిపై కీబోర్డు ఉంచితే మఠం వేసుకుని కూర్చుని వాయించవచ్చు.

మూడో పాఠం: నల్ల మెట్లలో మోహనం

ఇక వాయిద్దాం. తెల్ల మెట్ల జోలికి అసలు పోవద్దు. కుడి చేతి బొటనవేలు మూడు మెట్ల గుంపులో మొదటి దాని మీద, అంటే నాలుగున్నర మీద పెట్టండి. దాన్ని 'స' అనుకోండి. అదే గుంపులో మిగిలిన రెండూ 'రి', 'గ'. కుడి పక్క రెండు మెట్ల గుంపు 'ప', 'ద'. అయిదు వేళ్ళకు అయిదు మెట్లు సరిపోయాయి. ఇదే మోహన రాగం. ఇందులో మ, ని ఉండవు. ఒకదానితో ఒకటి ఒరుసుకునే దగ్గరి స్వరాలు లేవు కనుక ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు నొక్కినా చెవికి కటువుగా ఉండదు. తొలిసారి కూర్చున్నవాడికి ఇంతకంటె ధైర్యం ఇచ్చే చోటు లేదు.

ముందు ఈ రెండు పలుకులు వాయించండి:

స రి గ ప | గ – – –
ద ప గ రి | స – – –

గీత ఉన్నచోట మెట్టు వదలకుండా పట్టుకోవాలి. మొదటి పలుకు 'గ' దగ్గర ఆగింది. అది ప్రశ్న అడిగినట్టు ఉంటుంది. రెండోది 'స' దగ్గరికి వచ్చి ఆగింది. అది జవాబు. బుర్రకథలో కథకుడు అంటే వంతలు అందుకున్నట్టు, బతుకమ్మలో ఒకరు పాడితే అందరూ అందుకున్నట్టు, పాట అంటే ఈ అడగడం, చెప్పడమే. ఇప్పుడు మీరే ఒక ప్రశ్న కట్టండి. 'స' తప్ప ఏ స్వరం మీదైనా ఆపండి. జవాబు మాత్రం 'స' దగ్గర ముగించండి. నాలుగు ప్రశ్నలు, నాలుగు జవాబులు కడితే చిన్న బాణీ తయారైనట్టే.

ఒక పలుకును కనీసం రెండుసార్లు వాయించాలి. మూడోసారి ఒక్క స్వరం మార్చాలి. కొత్తవాళ్ళు ప్రతిసారీ కొత్తది వాయించాలని తాపత్రయపడతారు. వినేవాడు తెలిసినది మళ్ళీ వచ్చినప్పుడే సంతోషిస్తాడు. అందులో చిన్న మార్పు కనిపిస్తే చెవి రిక్కించి వింటాడు.

నాలుగో పాఠం: ఎడమ చేతి ఆధారం

ఇప్పుడు ఎడమ చేయి. కింది స్థాయిలో చిటికెన వేలు 'స' (4½) మీద, చూపుడు వేలు 'ప' (1½) మీద, బొటనవేలు పై 'స' మీద పెట్టండి. మూడు రకాల నడక నేర్చుకుందాం:

1. నిలకడ: స, ప కలిపి నొక్కి నాలుగు లెక్కల వరకు పట్టుకోవడం. తంబూరా శ్రుతిలా ఉంటుంది.
2. తకధిమి: స – ప – పై స – ప. నాలుగు లెక్కలు. నడిచి పోతున్నట్టు ఉంటుంది.
3. తకిట: స – ప – పై స. మూడు లెక్కలు. ఉయ్యాల ఊగినట్టు ఉంటుంది.

మొదట ఎడమ చేయి ఒక్కటే రెండు నిమిషాలు ఆడాలి. పక్కవాడితో మాట్లాడుతూ కూడా తప్పకుండా ఆడేంత అలవాటు కావాలి. ఆ తర్వాతే కుడి చేయి కలపాలి. మొదటి వారం కుడి చేయి లెక్కకు ఒకే స్వరం వాయిస్తే చాలు.

మన మండలంలోని వాడపల్లిలో మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. అక్కడి లక్ష్మీనరసింహస్వామి గుడిలో స్వామి ముఖం దగ్గరి దీపం ఊపిరి తగిలినట్టు కదులుతుందని, కింది దీపం నిశ్చలంగా వెలుగుతుందని చెప్పుకుంటారు. రెండు చేతుల సంగతి కూడా అంతే. ఎడమ చేయి కదలని దీపం. కుడి చేయి ఊపిరి ఉన్న దీపం. ఎడమ చేయి తడబడితే కుడి చేయి ఎంత బాగా పలికినా పాట నిలవదు.

అయిదో పాఠం: 'స' మారితే రాగం మారుతుంది

ఈ వ్యాసంలో అసలు రహస్యం ఇక్కడుంది. అవే అయిదు నల్ల మెట్లు. కానీ 'స' ఏ మెట్టు అనుకుంటామో దాన్ని బట్టి రాగం మారుతుంది. దీన్ని మన శాస్త్రంలో గ్రహభేదం అంటారు.

నాలుగున్నర 'స' అయితే మోహనం.
అయిదున్నర 'స' అయితే మధ్యమావతి.
ఆరున్నర 'స' అయితే హిందోళం.
ఒకటిన్నర 'స' అయితే శుద్ధ సావేరి.
రెండున్నర 'స' అయితే శుద్ధ ధన్యాసి.

ఎడమ చేత్తో ఆధారం ఎక్కడ పట్టాలి? మధ్యమావతికి 5½, 2½. శుద్ధ సావేరికి 1½, 5½. శుద్ధ ధన్యాసికి 2½, 6½. హిందోళంలో 'ప' లేదు కనుక 'స', 'మ' పట్టాలి, అంటే 6½, 2½.

ఇప్పుడు ఒక ప్రయోగం చేయండి. మూడో పాఠంలో వాయించిన పలుకులనే కుడి చేత్తో మళ్ళీ వాయించండి. ఎడమ చేతిని మాత్రం 4½ నుంచి 2½కు, దానితో పాటు 6½కు మార్చండి. కుడి చేతిలో ఒక్క మెట్టు మారలేదు. అయినా ఇందాక పండుగలా ఉన్న పాట ఇప్పుడు సెలవులు అయిపోయి హాస్టల్‌కు తిరిగి వస్తున్న సాయంత్రంలా వినిపిస్తుంది. కింద ఉన్న ఆధారం పైన ఉన్న పాట అర్థాన్నే మార్చేస్తుంది.

పాశ్చాత్యులు మూడు స్వరాలు కలిపి నొక్కడాన్ని కార్డ్ అంటారు. నల్ల మెట్లలోనే రెండు కార్డులు ఉన్నాయి. 4½, 6½, 1½ కలిపితే వెలుగుగా ఉంటుంది. 2½, 4½, 6½ కలిపితే దిగులుగా ఉంటుంది. రెండింటికీ రెండు మెట్లు ఉమ్మడి. ఎడమ చేత్తో ఎనిమిది లెక్కలు మొదటిది, ఎనిమిది లెక్కలు రెండోది పట్టుకుంటూ కుడి చేత్తో బాణీ కడితే అది అప్పుడే పాటగా నిలుస్తుంది. ఫ్రాన్స్ దేశపు ఎరిక్ సతీ 1888లో రాసిన మొదటి 'జిమ్నోపెడి' పియానో రచన ఎడమ చేతిలో రెండు కార్డులు అటూ ఇటూ మారడంతోనే మొదలవుతుంది. నేటికీ లోకమంతా దాన్ని వింటోంది. హంగరీ దేశపు బేలా బార్టోక్ పల్లెలు తిరిగి రైతుల పాటలు సేకరించినవాడు. 1926 నుంచి 1939 వరకు ఆయన 'మైక్రోకాస్మోస్' పేరుతో 153 చిన్న రచనలు చేశాడు. వాటిలో మొదటివి అయిదు వేళ్ళు కదిలించకుండా వాయించేవే. మన పురందరదాసు 16వ శతాబ్దంలోనే సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు ఏర్పరచాడని సంప్రదాయం చెబుతుంది. అవి కూడా చిన్న వరుసలే. చిన్న వరుసను చులకన చేయకూడదు.

ఆరో పాఠం: భావం ఎక్కడి నుంచి వస్తుంది?

వేళ్ళు సరిగ్గా పడినా కొందరి వాయింపు లెక్కలు అప్పజెప్పినట్టు ఉంటుంది. దానికి మందు అయిదు విషయాల్లో ఉంది.

బరువు: మెట్టుకు టచ్ రెస్పాన్స్ ఉన్న కీబోర్డులో వేలి బరువుతో ధ్వని మారుతుంది. ప్రశ్నను కొంచెం పెంచి, జవాబును తగ్గించి వాయించండి. హార్మోనియంలో ఈ పని తిత్తి చేస్తుంది. తిత్తిని ఒకే తీరుగా కొట్టకుండా పలుకు చివర మెత్తగా వదలాలి.

నిడివి: చవక కీబోర్డులో ధ్వని ఒకే తీరుగా ఉంటుంది. అప్పుడు పొడుగు, పొట్టి మన చేతిలో ఉన్నాయి. ముఖ్యమైన స్వరాన్ని పట్టుకోవాలి, మిగతావి తేలికగా తాకి వదలాలి.

మౌనం: పలుకుకూ పలుకుకూ మధ్య ఊపిరి పీల్చుకునేంత ఆగాలి. వాయించేటప్పుడు లోలోపల పాడుకుంటే ఎక్కడ ఆగాలో గొంతే చెబుతుంది.

స్థాయి: అదే పలుకును పై స్థాయిలో వాయిస్తే పసిపిల్లల మాటలా, కింది స్థాయిలో వాయిస్తే పెద్దల మాటలా వినిపిస్తుంది.

వేగం: దుఃఖం కావాలంటే సగం వేగం, ఉత్సాహం కావాలంటే రెట్టింపు. కానీ ఒకసారి పట్టిన వేగం చివరి దాకా నిలవాలి.

గమకం గురించి ఇందాక అనుకున్నాం. మెట్టు మీద స్వరం ఊగదు. నిజమే. అందుకని పై స్వరాన్నో కింది స్వరాన్నో క్షణం పాటు తాకి అసలు స్వరం మీదికి రావడం మన హార్మోనియం వాళ్ళు కనిపెట్టిన ఉపాయం. 'గ' వాయించే ముందు 'రి'ని చిటికెలో తాకి చూడండి, తేడా తెలుస్తుంది. అంతకు మించిన గమకాన్ని గొంతుకే వదిలేయడం మర్యాద.

నాలుగు వారాల ప్రణాళిక

రోజుకు పదిహేను నిమిషాలు చాలు. పది నిమిషాలు అట్ట మీద, అయిదు నిమిషాలు వాద్యం మీద. స్టడీ అవర్ జోలికి పోవద్దు. సాయంత్రం ఆటల వేళలో వంతులు వేసుకోవచ్చు.

మొదటి వారం: మెట్ల పేర్లు, మోహనం ఎక్కడం దిగడం, ప్రశ్న జవాబు.
రెండో వారం: ఎడమ చేతి మూడు నడకలు, విడిగా.
మూడో వారం: రెండు చేతులు కలపడం, చాలా మెల్లగా.
నాలుగో వారం: 'స' మార్చి అయిదు రాగాలు, ఒక సొంత బాణీ.

అది పూర్తయ్యాక తెల్ల మెట్లకు రండి. 1, 1½, 3, 4, 5, 5½, 7 వాయిస్తే మాయామాళవగౌళ. సరళీ వరుసలు ఈ రాగంలోనే నేర్పుతారు. పది తర్వాత ఆసక్తి మిగిలితే హైదరాబాదు రాంకోఠిలోని త్యాగరాయ ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల వంటి చోట్ల సర్టిఫికెట్, డిప్లొమా చదువులు ఉన్నాయి.

తల్లిదండ్రులకు, పాత మిత్రులకు ఒక మాట

"పాటలు పట్టుకుంటే చదువు పోతుంది" అని ఇంట్లో భయపడటం సహజం. కూలికి పోయి పంపిన బిడ్డ చదువే కదా వాళ్ళ ఆశ! పదిహేను నిమిషాలకు చదువు పోదు. లెక్క తప్పకుండా రెండు చేతులు వేర్వేరు పనులు చేయడం, వంద సార్లు తప్పినా నూటొక్కటోసారి కూర్చోవడం చదువుకు కూడా పనికి వచ్చే అలవాట్లు. రాత్రి లైట్లు ఆరాక ఇల్లు గుర్తొచ్చి మూగగా పడుకునే చిన్న పిల్లలు ప్రతి హాస్టల్లో ఉంటారు. ఆ దిగులును చెప్పుకోవడానికి మాటలు రానివాడికి మెట్లు ఉన్నా మేలే.

ఇక ఇక్కడ చదివి ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలకు మనవి. మీ పిల్లలు ఆడి పక్కన పెట్టిన పాత కీబోర్డు అటక మీద ఉంటే దుమ్ము దులిపి హాస్టల్‌కు తెచ్చి ఇవ్వండి. దానితో పాటు ఒక ఆదివారం కూడా ఇవ్వండి.

తమ్ముళ్ళూ, వచ్చే వార్షికోత్సవానికి అద్దె వాద్యగాడి కోసం చూడకుండా మనలో ఒకరే కూర్చుని, మీ అమ్మ పాడే నాట్ల పాటనో, మీ తండాలో పాడే పాటనో ఈ అయిదు మెట్ల మీద వెతికి వాయించాలని కోరుకుంటున్నాం. అన్ని పాటలూ ఈ అయిదింటిలో ఒదగవు. ఒదగని స్వరం తగిలిన చోట పక్కనున్న తెల్ల మెట్టు తాకండి. రెండో పాఠం అక్కడ మొదలవుతుంది.